విడివిడి వేళ్ళ గ్లౌజు

మండపేటలో నేను పీఈటీగా పనిచేసే బడి చాలా పాతది. స్టోర్‌రూమ్ సర్దుతుంటే ఒక ట్రంకుపెట్టెలో ముదురు గోధుమరంగు బేస్‌బాల్ గ్లౌజు దొరికింది. మా పిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడే గ్లౌజులకు వేళ్ళన్నీ తోలుతాడుతో కలిపి బిగించి ఉంటాయి. బొటనవేలి పక్కన బంతి చిక్కుకునే వెడల్పాటి వల ఉంటుంది. దీని వేళ్ళు విడివిడిగా ఉన్నాయి. వల ఉండాల్సిన చోట సన్నటి తోలుపట్టీ ఒక్కటే ఉంది. తాళ్ళు తెగిపోయాయనుకున్నాను.

బడికి బంతులు, బూట్లు కుట్టిపెట్టే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"తాళ్ళు తెగలేదండి. అసలు కన్నాలే లేవు. కుట్టినాయనే వేళ్ళు విడిగా వదిలేశాడండి. ఇలాగే ఉంచెయ్యండి," అన్నారు.

నా వెంట నలుగురు విద్యార్థినులున్నారు. వాళ్ళ ముందు నాకు తెలియదని ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఆట గురించి నీకేం తెలుసు? చెప్పింది చెయ్యి," అన్నాను.

మా నాన్న వయసు మనిషి. మారు మాట్లాడకుండా కన్నాలు పొడిచి తాడు ఎక్కించారు.

నెల తర్వాత పోటీలకు రాజమండ్రి నుంచి వచ్చిన కోచ్ ఒకాయన హెడ్మాస్టరు గదిలో పెట్టిన ఆ గ్లౌజును చూసి నొచ్చుకున్నారు. తొలినాటి గ్లౌజులు అరచేతికి దెబ్బ తగలకుండా చూడడానికే పుట్టాయట. పట్టే పని చేతిదే. వేళ్ళు కలిపి కట్టడం, వల పెద్దది చేయడం తర్వాత వచ్చిన మార్పులట. ఇలాంటిది దొరకడమే అరుదంటూ, కన్నాలెవరు పొడిచారని అడిగారు.

"చెప్పులు కుట్టే ఆయనండి. నన్ను అడక్కుండానే పొడిచేశాడు," అన్నాను. ఆ అబద్ధం నా నోటివెంట తడుముకోకుండా వచ్చింది.

హెడ్మాస్టరు ఆయనకు బడి పని ఆపించేశారు. నేను ఊరుకున్నాను. ఆయన కూర్చుని కుట్టే దారి మానేసి వేరే వీధిలోంచి వెళ్ళేదాన్ని. రెండు వారాలకు ఆయనే గేటు దగ్గర నా కోసం నిలబడ్డారు.

"బడి పని ఎందుకు ఆపేశారో తెలీట్లేదండి. నా తప్పేంటో మీరు కాస్త కనుక్కుంటారా?"

తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమండి? అక్కడ చెప్పండి."

ఆ మధ్యాహ్నమే స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ చెప్పాను. మర్నాటి నుంచి ఆయనకు పని మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడూ బంతులు నేనే తీసుకెళ్తాను. ఏ తోలు ఎందుకు చీలిందో ఆయన నాకు వివరించడం మానేశారు. ఎప్పటికి కావాలండీ అని మాత్రం అడుగుతారు.