ఒకళ్ళ భుజం మీదుగా

మొన్న ఫోన్లో విమానం టిక్కెట్లు తీస్తుంటే సీటు ఎంచుకోమని బొమ్మ వచ్చింది. వరసలూ, గళ్ళూ, మధ్యలో నడిచే దారీ. మనవరాలి పెళ్ళికి అక్కా నేనూ విశాఖపట్నం నుంచి హైదరాబాదు వెళ్ళాలి. ఏ వైపు కూర్చుంటే ఏం కనిపిస్తుందో ఇప్పుడు నాకు బాగానే తెలుసు. రెక్క అడ్డమొచ్చే వరస వద్దు, ఎండ కళ్ళలో కొట్టే వైపు వద్దు. ఇంత తెలిసీ వేలు మాత్రం కదల్లేదు.

అక్కంటే నా తోటికోడలు, ఇంటికి పెద్దకోడలు. ఒడిశా కొండల్లో, కోరాపుట్ బజారులో మాది చింతపండు హోల్‌సేల్ కొట్టు, అత్తగారి పుట్టిల్లేమో రాయగడ. పండక్కీ పబ్బానికీ ఆ కొండల రైల్లోనే తిరిగేవాళ్ళం. కిటికీ సీట్లకి మా ఇంట్లో ఓ మర్యాద ఉండేది. ముందు మామగారు, తరవాత బావగారు, మా ఆయన, ఆపైన పిల్లలు. ఆడవాళ్ళం ఈ చివర, పులిహోర డబ్బా పక్కన. రైలు కదిలిందో లేదో మగవాళ్ళు నోళ్ళు తెరిచి నిద్ర. సొరంగాలూ, లోయలూ, ఎక్కడో అడుగున పాకే ఏరూ అన్నీ వాళ్ళ గురకల పక్కనుంచే వెళ్ళిపోయేవి. అక్క మాత్రం మామగారి భుజానికీ కిటికీ చువ్వకీ మధ్య సందులోంచి కన్నార్పకుండా చూసేది.

మామగారూ బావగారూ పోయిన చాన్నాళ్ళకి, అక్క చూపు పక్కలనుంచి మూసుకుపోవడం మొదలైంది. ఇది ఆగేది కాదు, చూడాలనుకున్నవి ఇప్పుడే చూసెయ్యండమ్మా అన్నాడు విశాఖ డాక్టరు. అక్క ఏడవలేదు. ఇంటికొచ్చి చింతపండులో గింజ తీస్తూ, "అమ్మీ, మన కొండలు పైనించి ఎలాగుంటాయో ఓపాలి సూస్తే బాగుణ్ణే" అంది. ఆవిడ నోట ఓ కోరిక వినడం నాకదే మొదలు.

అప్పటికి మా పక్కూరు జైపూర్ నుంచి విశాఖకు చిన్న విమానం తిరుగుతోంది. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి ఒంటి సీట్లు. ఎవరు కూర్చున్నా కిటికీయే. తెలిసినవాళ్ళందర్నీ విసిగించి, ఎడమవైపైతే దేవమాలి కొండ కనబడుతుందని తేల్చుకుని, అక్కని అక్కడ కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. ఇంతలో కర్ర పట్టుకుని ఓ పెద్దాయన ఎక్కాడు. అక్క చటుక్కున లేచింది. "మీరీ కిటికీ కాడ కూకోండి బాబూ" అని కుడివైపు సీట్లోకి మారింది. ఆయన కూర్చున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు, నిద్రపోయాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇదైతే పుట్టుకతో కూడా రాలేదు, కాపరంతో వచ్చింది.

విమానం లేచింది. "అక్కా, నీ పక్కనా కిటికీ ఉంది గదా, అటు తిరుగు" అన్నాను.

"ఉండవే, కొండ వస్తాంది" అంది, ఆ పెద్దాయన భుజం మీంచి చూపు తిప్పకుండా. కొండే వచ్చిందో, మబ్బే వచ్చిందో. ఆవిడ కుడిచేతి పక్కన, కిటికీ నిండా కొలాబు జలాశయం మెరుస్తూ వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మనసంతా తిమ్మిరెక్కినట్టయింది.

తరవాత అక్క చూపు పూర్తిగా పోయింది. నా తిమ్మిరి ఇంకా పోలేదు. ఇప్పుడావిడ గింజలు వేళ్ళతో తడిమి తీస్తుంది, ఒక్కటీ వదలదు. మొన్న ఫోను పట్టుకుని, ఎందుకడిగానో తెలీదు, అడిగాను.

"రెండు సీట్లక్కా. ఒకటి కిటికీ కాడ, ఒకటి మజ్జిన. నీకేది?"

ఆవిడ చేతిలో గింజ పళ్ళెంలో టంగుమని పడింది.

"కిటికీ నాకే ఎయ్యి. ఈపాలి ఎవలికీ ఇయ్యను. మొకానికి ఎండేనా తగుల్తాది."

నేను ఆ గడి మీద నొక్కాను. కాలం ఎవరికీ సీటు లేదనదు. కాకపోతే, కొండలన్నీ దాటాక లేచి ఇస్తుంది.