మనిషి తీసిన రీడింగ్

బ్రాడీపేటలో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ మేడమ్. రోజూ చిలకలూరిపేట నుంచి బస్సులో వచ్చేవారు. గంటలో దింపేస్తానన్న కండక్టర్ డెబ్బై అయిదు నిమిషాలు చేస్తే, "పట్టిన టైము మీద తప్పు ఇరవై శాతం నాయనా!" అని అతనికి చెప్పిగాని బస్సు దిగేవారు కారు.

ఒకసారి ల్యాబ్‌లో నేను లోలకాన్ని ముట్టుకోకుండానే, గురుత్వ త్వరణం పుస్తకంలో ఉన్నట్టు 980 వచ్చేలా రీడింగులు వెనకనుంచి లెక్కగట్టి రాసేశాను. తప్పు సున్నా శాతం. మేడమ్ రికార్డు చూసి కళ్ళజోడు పైకి తోశారు.

"సున్నానా? ఏమ్మా, ఇది నువ్వు తీశావా, దేవుడు తీశాడా?"

చచ్చినట్టు దారం కట్టి ఊపులు లెక్కపెడితే 945 వచ్చింది. తప్పు నాలుగు శాతానికి కాస్త తక్కువ.

"మనిషి తీసిన రీడింగంటే ఇదీ!" అని ఫుల్ మార్కులు వేశారు.

మొన్న ఆవిడ రిటైర్మెంట్ సభకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు శాలువా విప్పి, "మేడమ్ గారికి నేటితో సరిగ్గా అరవై రెండేళ్ళు నిండాయి" అన్నారు.

మేడమ్ కళ్ళజోడు పైకి తోశారు.

"సరిగ్గానా? ఆ తేదీ నన్ను బళ్ళో వేసినప్పుడు మా ఊరి హెడ్మాస్టారు ఉజ్జాయింపుగా రాసిందండి. మా చర్చి రిజిస్టర్ ప్రకారం నాకు అరవై నాలుగు. తప్పు మూడు శాతం పైచిలుకు."

శాలువా గాల్లోనే ఆగిపోయింది.

"కంగారు పడకండి, కప్పేయండి. మనిషి తీసిన రీడింగే కదా!"