ఇంద్రాణికి చెప్పిన సముద్రం

పొదటూరుపేట నేతగాళ్ళ వీధిలో ఎవరికి పట్నంలో పని పడినా ముందు తణికాచలం గడప తొక్కేవాళ్ళు. పట్నమంటే మదరాసే. కంటి ఆసుపత్రికి పోవాలన్నా, ఆఫీసులో అర్జీ ఇవ్వాలన్నా, కోర్టు వాయిదా ఉన్నా ఆయన తోడు రావలసిందే. అంత పెద్ద ఊళ్ళో చేతిలో పెద్దగా ఏమీ లేకుండా ఒక పగలు గడుపుకు రావడం ఆయనకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

తెల్లవారుజామున తిరుత్తణిలో ప్యాసింజరు ఎక్కాలి. తిరునిన్రవూరు దాకా కునుకు తీయాలి. అక్కడి నుంచి ఉద్యోగాలకు పోయే జనం ఎక్కుతారు కనుక అన్నం మూట ఒళ్ళోకి తీసుకోవాలి. సెంట్రల్లో దిగాక రిక్షావాళ్ళు పిలిచినా తల తిప్పకుండా ఆ ఊరివాళ్ళలాగే నడిచిపోవాలి. మంచి నీళ్ళు వచ్చే కుళాయి ఏది, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుకోనిచ్చే సత్రం ఏది, తెచ్చుకున్న పెరుగన్నం ఎవరూ కసరకుండా ఎక్కడ కూర్చుని తినవచ్చు, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. తోడు వెళ్ళిన రోజున మగ్గం ఆగిపోయేది. పోయిన కూలి ఊసు వాళ్ళూ ఎత్తేవారు కాదు, ఆయనా ఎత్తేవాడు కాదు. యాభై దాటాక మోకాళ్ళు పట్టేయడం మొదలైంది. అయినా ఎవరైనా వచ్చి అరుగు మీద కూర్చుంటే కాదనడం చేతకాలేదు.

ఆయన భార్య ఇంద్రాణి మాత్రం ఒక్కసారి కూడా పట్నం చూడలేదు. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఆమెకు చూపు మందగించింది. మగ్గానికి నూలు కండెలు చుట్టేటప్పుడు తెగిన పోగు కనిపించేది కాదు. చాలా నెలలు వేళ్ళతో తడుముకుంటూ నెట్టుకొచ్చింది. చివరికి తిరుత్తణి కొండకు ఆడి కృత్తిక తిరునాళ్ళకొచ్చే జనం తగ్గి రైళ్ళు ఖాళీ అయ్యాక ఒకరోజు ఇద్దరూ బయలుదేరారు.

కంటి ఆసుపత్రిలో వరస పెద్దదే. అయినా పదకొండున్నరకల్లా పని ముగిసింది. కళ్ళలో మందు చుక్కలు వేసి చూసి, అద్దాలు పెట్టుకుంటే చాలన్నారు. రాసిన చీటీ మడిచి తణికాచలం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రైలుకు ఇంకా చాలా పొద్దుంది. సత్రానికి పోయి పడుకుందామన్నాడు.

"సముద్రం యాడుంది?" అని అడిగింది ఇంద్రాణి.

ఆ మాట ఆమె ఊరికే అడగలేదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆయన సముద్రం గురించి ఎన్నోసార్లు చెప్పాడు. నీలి తొట్టిలో ముంచి తీసిన నూలు రంగులో ఉంటుందనీ, అలలు పందిరంత ఎత్తు లేస్తాయనీ చెబుతుంటే వీధిలో ఆడవాళ్ళంతా పనులు ఆపి వినేవాళ్ళు.

చాలా దూరమనీ, ఎండ మండిపోతోందనీ తణికాచలం నసిగాడు. ఆమె వినిపించుకోలేదు. చెంగు తల మీదికి లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఇక నడవక తప్పలేదు. రెండు వీధులు దాటాక మూడు దోవలు చీలిన చోట ఆయన ఆగిపోయాడు. కాసేపు అటూ ఇటూ చూసి, పూలు కట్టుకుంటున్న ముసలమ్మ దగ్గరికి పోయి, బీచికి ఎటు పోవాలని అరవంలో అడిగాడు. ఇంద్రాణి పక్కనే ఉండి విన్నది.

ఆయన వెంట నడిచింది. వంతెన దాటాక నెమ్మదిగా అన్నది.

"నువ్వెప్పుడూ పోనేలేదు కదా."

"లేదు," అన్నాడు. "పనైతే రైలు, రైలు దిగితే ఇల్లు. కూడా వచ్చినోళ్ళు అలిసిపోయుంటారు. నాకు చూడాలని ఉండాదని వాళ్ళతో ఎట్ల చెప్పేది?"

ఆమె నడుస్తూనే ఉంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

బీచి చేరేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఇసుక పెనంలా కాలుతోంది. మనుషుల జాడ లేదు. మందు చుక్కల వల్ల ఆ వెలుతురుకు ఇంద్రాణి రెప్పలెత్తలేకపోయింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారిపోయాయి. తణికాచలం ఆమెను ఒడ్డుకు లాగి పెట్టిన పడవ నీడలో కూర్చోబెట్టాడు. ఇంత దూరం నడిపించి తెచ్చినా సముద్రం ఆమె కంట పడనేలేదు.

"చెప్పు," అన్నది ఆమె, చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని. "ఇప్పుడు చూసి చెప్పు."

ఆయన చాలా సేపు చూశాడు.

"నీలం కాదే. ఒడ్డున మడ్డిగా ఉండాది, మన ఏటికి కొత్త నీళ్ళొచ్చినట్ల. దూరాన పచ్చన. అలలు అంత పెద్దవేం కాదు. ఊరికే వచ్చి పోతా ఉండాయి. ఓడొకటి నిలబడి ఉండాది, కదిలేదే లేదు."

"ఇంకా?"

"అవతలి గట్టు కనపడలేదు. ఎంత చూసినా కనపడలేదు."

ఆమె తల ఊపింది. ఇద్దరూ పెరుగన్నం తిన్నారు. తింటూ తింటూనే ఆమె పడవ చెక్కకు ఆనుకుని నిద్రపోయింది. నీడ జరిగినకొద్దీ తణికాచలం కూడా జరుగుతూ, తువ్వాలు విప్పి ఆమె ముఖానికి ఎండ తగలకుండా పట్టుకున్నాడు. చేతులు నొప్పి పుట్టాయి. లేచి పోయి నీళ్ళలో కాళ్ళు పెట్టాలనిపించింది గానీ ఆమెను ఒంటరిగా వదలలేదు. పొద్దు వాలాక లేపి, ఎటు నుంచి వచ్చారో అటే నడిపించాడు. రైల్లో తిరువళ్ళూరు దాకా నిలబడే వచ్చారు.

అద్దాలు వచ్చాక ఇంద్రాణి పోగులు అతకడం మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన అంతకు ముందు సముద్రం చూడనేలేదన్న మాట ఎవరికీ చెప్పలేదు. నెల తిరక్కుండానే కోదండరామ అనే నేతగాడు వాళ్ళమ్మకు చూపు పోతోందని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తణికాచలం మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత కూడా ఆరేడేళ్ళు అట్లా పోతూనే ఉన్నాడు. ఈలోగా మగ్గాలు మాని పట్నం పక్కన అంబత్తూరు ఫ్యాక్టరీలకు పోయినవాళ్ళు ప్రతి ఇంటికీ ఒకరు తయారయ్యారు. దోవ చూపించే మనిషితో అవసరం తీరిపోయి, ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అందుకు ఆయన బాధపడినట్టు కనిపించలేదు. తెల్లవారుజామున అలవాటుగా మెలకువ వచ్చేది. పోవలసిన చోటేదీ లేదని గుర్తొచ్చాక మోకాళ్ళు ముడుచుకుని మళ్ళీ పడుకునేవాడు.