అమీర్‌పేటలో బావ కట్టించిన బండి

మొన్న పంజాగుట్టలోని మా కుట్టు షాపుకు ఒక కాలేజీ పిల్ల జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. నేను టేపు పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే, ఆ పిల్ల ఫోనులో ఎవరితోనో ఒకటే వాదన. గేములాడే కంప్యూటరు కట్టించుకుంటుందట, గ్రాఫిక్స్ కార్డు పెద్దది తీసుకోవాలా చిన్నది తీసుకోవాలా అని. నాకు నోరు మూసుకుని ఉండడం చేతకాదు. పళ్ల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి, "కార్డు పొడుగు కొలిచినవా బిడ్డా? డబ్బాల పట్టకపోతె ఏం జేస్తవ్?" అన్నాను. ఆ పిల్ల ఫోను దించి నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బ్లౌజులు కుట్టుకునే యాభై రెండేళ్ల మనిషికి ఈ సంగతులెట్లా తెలుసని దాని ఆశ్చర్యం. అదంతా మా బావ పెట్టిన విద్య.

బావ అంటే మా అక్క మొగుడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. తాను కిటికీలోంచి చెయ్యి బయట పెడితే అమీర్‌పేట చౌరస్తాలో ఆటోలన్నీ దారి ఇచ్చేవని గొప్పలు పోయేవాడు, మేం సగం నమ్మేవాళ్లం. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుందనగా ఒకరోజు పొద్దున డిపోలో బస్సెక్కబోతూ కళ్లు తిరిగి పడిపోయాడు. సోమాజిగూడలో డాక్టర్లు పరీక్షలన్నీ చేసి, గుండె సంగతి, మళ్లీ ఎప్పుడు పడతావో చెప్పలేం, స్టీరింగు మాత్రం ముట్టుకోవద్దన్నారు. ఆయన ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నాడు. మూడేళ్లు! బస్సెక్కడం కూడా మానేశాడు, ఎర్రమంజిల్‌ దాకా పోవాలన్నా నడకే. మాట తగ్గింది, నవ్వు తగ్గింది. అన్నిటికంటే ఘోరం, నన్ను ఏడిపించడం మానేశాడు. మరదలిని ఏడిపించనివాడు బావ ఎట్లా అవుతాడు? నాకు నిజంగానే భయమేసింది.

అప్పుడొకసారి గుండె డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న మనిషి ఫోనులో వీడియో చూస్తున్నాడట. ఎవరో ఇంట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, మూడు తెరల మీద సిటీ బస్సు నడుపుతున్నారు. బావ ఇంటికొచ్చి, రెండో పెళ్లికి అనుమతి అడుగుతున్నంత సిగ్గుపడుతూ అక్కకు ఆ సంగతి చెప్పాడు. అక్క వెంటనే నాకు ఫోన్ చేసింది. "జర ఆయన ఎంబడి పోవే. ఒక్కడే పోతె సిగ్గువడి దర్వాజ కాడికెల్లే మల్లొస్తడు. మంచి సామానే కొనున్రి. గిది సుత ఆయనను కదిలియ్యకుంటె నాకింక తోవ లేదు." అక్క అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. షాపు మూసి బయలుదేరాను.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కోచింగు సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో ఆ కంప్యూటర్ల షాపు. దాన్ని నడిపే అతను కోస్తా నుంచి కోర్సు నేర్చుకుందామని వచ్చి, కోర్సు వదిలేసి సామాను అమ్మకంలో స్థిరపడ్డవాడు.

"మనవడికా అంకుల్?" అన్నాడు.

"నాకే," అన్నాడు బావ, గోడకేసి చూస్తూ.

"ఏం గేమ్ ఆడతారండీ? యుద్ధాలా, రేసులా?"

"సిటీ బస్సు."

అతను నవ్వలేదు, పుణ్యాత్ముడు. నేనే కిసుక్కుమన్నాను. మూడు తెరలు, నిండా ట్రాఫిక్కు, వాన కూడా పడాలంటే సామాను గట్టిదే కావాలండీ అంటూ డబ్బాలు దించడం మొదలుపెట్టాడు. ఇక బావను చూడాలి! కంప్యూటరును చల్లబరిచే కూలరు ఫ్యాన్లు తిప్పించి, ఇంజను విన్నట్టు కళ్లు మూసుకుని చెవి పెట్టి విన్నాడు. గరగర వస్తుందని రెండు వెనక్కి పంపాడు. బ్రేకు పెడలు చేత్తో నొక్కి మరీ మెత్తగుందన్నాడు. రంగురంగుల లైట్ల అద్దాల క్యాబినెట్ చూపిస్తే నాకు తెగ నచ్చింది, పెళ్లి పందిరిలా ఉంది. బావ తల అడ్డంగా ఊపాడు. "రాత్రి బస్సు లోపల లైటేస్తె అద్దంల నా మొకమే కనవడ్తది, రోడ్డు కనవడదు." అట్లా నల్లటి ఇనప డబ్బా ఖాయమైంది. పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి అతను ఏ భాగానికి ఎంత కరెంటో కూడి, ఇది సరిపోతుందండీ అన్నాడు.

"సీట్లు జూసి లెక్కేస్తున్నవ్ తమ్మీ. నేను బోనాల నాడు బండి నడిపినోన్ని. ఫుట్‌బోర్డు సుత లెక్కెయ్."

అతను ఆ డబ్బా లోపల పెట్టి ఇంకా పెద్దది తీశాడు.

నా వంతు గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. ఇటుకంత కార్డు అది. క్యాబినెట్లో పడుతుందని అతనంటే, నా సంచిలోంచి టేపు తీసి రెండూ కొలిచాను. పట్టడం పడుతుంది గానీ వేలు దూరే సందు లేదు. "బిగుతు జాకెట్టుల గాలి ఆడదు తమ్మీ, ఇనప డబ్బా ఒక సైజు పెద్దది తియ్," అన్నాను. బావ మూడేళ్లలో మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. "మా మరదలికి గింత తెలివి ఎప్పుడొచ్చెరా నాయనా!" అన్నాడు. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది.

సామానంతా బల్ల మీద పేర్చాక, బావ చటుక్కున అడిగాడు. "తమ్మీ, నడుపుకుంట నడుపుకుంట నేను పడిపోతె బస్సు ఏమైతది?"

అతనికి అర్థం కాలేదు. నేను డిపోలో జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. అతను చేతిలో పెన్ను కింద పెట్టాడు. "ఏం కాదండీ. గుద్దుకున్నా, పల్టీ కొట్టినా ఆట ఆగుతుందంతే. మళ్లీ మొదటి స్టాపు నుంచే."

"అందరు ఇంటికి పోతరా?"

"పోతారండీ. అందరూ."

"అట్లయితె ప్యాక్ చెయ్యి."

బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఉద్యోగం పోయిందని కుమిలిపోతున్నాడనే అనుకున్నాం మేమంతా. కాదు. ఆ పొద్దున కళ్లు తిరగడం పది నిమిషాలు ఆలస్యమై ఉంటే, వెనక సీట్లలో ఉండేవాళ్లను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు మూడేళ్లూ. నాకు దుఃఖం ఆగలేదు. కీబోర్డులు చూస్తున్నట్టు అటు తిరిగాను.

ఆదివారం పొద్దున షాపతనే ఇంటికొచ్చి అన్నీ బిగించాడు. బావ స్నానం చేసి, ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకుని, స్టీరింగుకు దణ్ణం పెట్టి కూర్చున్నాడు. మూడు తెరల మీద రోడ్డు వెలిగింది. స్టాపులో బస్సు, ఎక్కుతున్న జనం, ముందు ఆటోలు. తెర మీద బొమ్మ ఎక్కడా తడబడడం లేదు. కానీ బావ కదలడు. జనం ఎక్కేశారు, తలుపు మూసుకుంది, పచ్చ లైటు పడింది. ఆయన చేతులు స్టీరింగు మీద, కళ్లు పక్క అద్దంలో, అట్లాగే ఉండిపోయాడు.

"ఏంటండీ, హ్యాంగైందా?" అని షాపతను ముందుకొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క మొహంలో నెత్తురు లేదు. అయిపోయింది, ఇదీ ఉత్తదే అయింది అనుకున్నాను.

బావ తల తిప్పకుండానే గొంతెత్తాడు. "అందరు ఎక్కిన్రా?"

నాకు వెలగలేదు. అక్కకు వెలిగింది. కండక్టరు చెప్పందే ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ బండి కదిలించని మనిషి ఆయన. అక్క కొంగు నడుముకు దోపుకుని కుర్చీ వెనక్కి వచ్చి, పక్కనున్న ఇనప బీరువాను అరచేత్తో దడదడా రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్! రైట్! పోనియ్యి!"

గేరు పడింది. బండి కదిలింది. అక్క ఏడుస్తూ నవ్వుతూ ఇంకోసారి బీరువాను బాదింది. మూడేళ్లుగా ఆ ఇంట్లో కాలం ఆగిపోయిందని మేం బాధపడ్డాం గానీ, అది స్టాపులో నిలబడి, మాలో ఎవరో ఒకరు రైట్ అంటారని ఎదురు చూస్తోందని మాకెవ్వరికీ తోచలేదు.