సుగుణ టీచరు కొట్టేయించిన వాక్యం

మేరీ సుగుణ టీచరు గారు ఇక లేరన్న కబురు నాకు మిరప కల్లంలో అందింది. పొద్దున తొమ్మిది దాటింది. ఆరబోసిన కాయల్ని తిరగేస్తున్నాను. మా బడి అటెండరు సైకిల్ దిగి, స్టాండు కూడా వేయకుండా గట్టుకి ఆనించి, టీచరు గారు గుంటూరు ఆసుపత్రిలో పోయారని చెప్పాడు. "ఎవరు?" అని అడిగాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే అడిగాను. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, అంత చిన్న వాక్యం నాకు అర్థం కాలేదు. చర్చివారు వేసిన కరపత్రంలో ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంది. వారి సంప్రదాయం వారిది, తప్పు పట్టను. కానీ నిద్రకూ ఆవిడకూ పరిచయం బహు స్వల్పమని మా బడిలో చదివిన వారందరికీ తెలుసు.

దర్శి దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆవిడ సోషల్ చెప్పారు, నేను తెలుగు చెప్పాను. వయసులో నాకంటే చిన్న. ఆవిడ తల్లి మా చేలో మిరపకాయలు కోసేది. ఆ సంగతి ఆవిడ ఎన్నడూ దాచలేదు. నేనే మొదట్లో స్టాఫ్ రూంలో ఆ ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడేవాణ్ణి. ఒకరోజు ఆవిడే నవ్వుతూ, మీ తూర్పు చేలో కాయకి ఘాటు ఎక్కువండీ, మా అమ్మ చేతులు రెండు రోజులు మండేవి అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అతివినయమూ లేదు. భూగోళ పాఠం చెప్పినట్టు చెప్పారు. ఉన్నది ఉన్నట్టు పలకడం ఆవిడకు సహజం. మాకందరికీ అది కొంచెం ఇబ్బందిగానే ఉండేది.

పత్తి తీతలు మొదలైతే ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయ్యేవి. మేము హాజరుపట్టీలో గైర్హాజరు వేసి ఊరుకునేవాళ్లం. ఆవిడ బడి వదలగానే పట్టీ చంకన పెట్టుకుని చేల గట్ల మీదికి పోయి, అక్కడ నిలబడి పిల్లల పేర్లు పిలిచేవారు. పత్తి తీస్తున్న పిల్లలు అలవాటు కొద్దీ ‘ప్రెజెంట్’ అనేవారు. తల్లులు సిగ్గుపడి మర్నాటికి ఒకరినో ఇద్దరినో బడికి పంపేవారు. అందరినీ పంపారని రాస్తే అబద్ధమవుతుంది. ఆవిడకు అబద్ధం గిట్టదు కనక ఈ వ్యాసం రాయడానికి నేను భయపడుతూనే ఉన్నాను.

తొంభైల చివర్లో, ఇంగ్లండులో గొర్రెలు మేసే కొండల నడుమ ఉన్న ఒక పల్లెటూరి బడితో మా బడికి జత కుదిరింది. రెండు దేశాల పల్లె బడులు ఉత్తరాలు రాసుకోవాలి, ఒకరి ఊరి బాగోగులు ఒకరు తెలుసుకోవాలి, కలిసి ఏదైనా నాలుగు కాలాలు నిలిచే పని చేయాలి. అదీ పథకం. దరఖాస్తు పెట్టింది, ఒంగోలు ఆఫీసుల చుట్టూ తిరిగింది, అంతా సుగుణ టీచరే. మాలో చాలామంది దాన్ని దొరలు చేసే దానం అనుకున్నాం. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "వాళ్లు ఇచ్చేవాళ్లు కాదు, మనం పుచ్చుకునేవాళ్లం కాదు. రెండు బళ్లు, అంతే" అనేవారు.

ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే, నీళ్లు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అవి తాగి పెరిగిన పిల్లల పళ్లు గారపట్టి గోధుమరంగుకి తిరిగేవి. పెద్దవాళ్లకి కీళ్లు బిగుసుకుని నడుములు వంగిపోయేవి. బడి శ్లాబు మీద పడే వాననీటిని తొట్టి కట్టి నిలవ చేస్తే, బడిలో ఉన్న కాస్త సేపైనా పిల్లల కడుపులోకి మంచినీళ్లు పోతాయని ఆవిడ ఆశ. అవతలి బడివారు ఆ ఏడాది ఏ పని చేపట్టాలో తేల్చుకోవడానికి, మీ ఊళ్లో నీళ్లు, పొలాలు, ఆరోగ్యం ఎలా ఉన్నాయో పిల్లల చేత రాయించి పంపమన్నారు. ఆ ఉత్తరాలను బట్టే నిర్ణయమన్నారు.

సరిగ్గా అప్పుడే ఆవిడ శిక్షణ తరగతులకు ఒంగోలు వెళ్లవలసి వచ్చింది. ఉత్తరాల బాధ్యత నా మీద పడింది. పడిందనడం కూడా సరికాదు, నేనే లాక్కున్నాను. ఊళ్లో సగం ఇళ్ల ఉత్తరాలు నా చేతిమీదుగా వెళ్లినవే. మరణవార్తకు తప్ప ఏ ఉత్తరానికైనా నా మొదటి వాక్యం ఒకటే: ‘ఇచ్చట మేమందరం క్షేమం. అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాము.’ అదే నల్లబల్ల మీద రాసి, దాని కింద మా గ్రామం సస్యశ్యామలమనీ, జలసమృద్ధికి లోటు లేదనీ, ప్రజలు ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతున్నారనీ ఒక మాదిరి ఉత్తరం కూర్చాను. పరాయి దేశం వాళ్ల ముందు ఊరి పరువు తీసుకుంటామా? పిల్లలంతా పొల్లు పోకుండా ఎక్కించుకున్నారు. ఇంగ్లీషు మాస్టారు తర్జుమా చేసిపెట్టారు. నకళ్లు దాచుకుని ఉత్తరాలు పోస్టులో వేశాను. పైగా దస్తూరీ బాగున్న అమ్మాయికి పెన్ను బహుమతి ఇచ్చాను. ఎంత పండితుణ్ణో చూడండి!

నెల దాటాక జవాబొచ్చింది. మార్గరెట్ అని అక్కడి టీచరు రాశారు. మీరంతా క్షేమంగా ఉన్నందుకు, మీ ఊళ్లో మంచినీళ్లకి కొదవ లేనందుకు మా పిల్లలు ఎంతో సంతోషించారు, కాబట్టి ఈ ఏడాది రెండు బళ్లలోనూ పూలతోటలు వేద్దాం అని దాని సారాంశం. సుగుణ టీచరు ఆ ఉత్తరం నిలబడే చదివారు. నా దగ్గరున్న నకళ్లు అడిగి తీసుకుని, ఒక్కటీ వదలకుండా చదివారు. అన్నీ ఒకటేనని రెండోదానికే తెలిసి ఉంటుంది, అయినా చదివారు. నేను తిట్లకి సిద్ధపడి కూర్చున్నాను.

"మాస్టారూ, ఇందులో పిల్లలు ఎక్కడున్నారండీ?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మన జబ్బులన్నీ సముద్రాలవతల ఆరబోసుకోవాలా అన్నాను. ఊరి మర్యాద, బడి గౌరవం, ఇంకా ఏవేవో సంస్కృత సమాసాలు వాడాను. ఆవిడ అంతా విన్నారు.

"మీరు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు మాస్టారూ. అదెందుకో మీరే రాస్తే బాగుంటుంది."

నావి గారపళ్లు. పెళ్లి ఫొటోలో కూడా నోరు మూసుకునే ఉన్నాను. అంతకాలంలో ఆ చెయ్యి గురించి నా మొహం మీద అన్నవాళ్లు లేరు. మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లో ఆవిడ నల్లబల్ల తుడిపించి, పిల్లల్ని కూర్చోబెట్టి, ఇవాళ మీ ఇంట్లో బిందె ఎక్కడ నింపారో, ఎవరు మోసుకొచ్చారో, ఎవరు తాగారో రాయమన్నారు. మాదిరి ఏమీ ఇవ్వలేదు. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ నడుం వంగిపోయి ఆకాశం చూడలేదని, వాన వస్తుందా లేదా అని తననే చూసి చెప్పమంటుందని రాసింది. అక్షరదోషాలకు లెక్కలేదు. ఎర్రసిరా పెన్ను పట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఒక్కటీ దిద్దలేకపోయాను.

నాలుగో రోజు నేనూ ఒక పేజీ రాసి ఆవిడ బల్ల మీద పెట్టాను. నా పళ్ల గురించి, మా అమ్మ మోకాళ్ల గురించి రాశాను. అయితే మొదటి వాక్యం అలవాటు కొద్దీ అదే వచ్చి కూర్చుంది. ఆవిడ చివరిదాకా చదివి, కాగితం నా వైపు తిప్పి, ఆ వాక్యం మీద పెన్ను పెట్టి ఊరుకున్నారు. నేనే కొట్టేశాను.

ఈసారి ఆ ఉత్తరాలే ఇంగ్లండు వెళ్లాయి. తొట్టి వచ్చింది. అవతలి పిల్లలు తమ వంతు సాయం పంపారు. ఇసుక మోసింది మా పిల్లల తల్లిదండ్రులు, గోడ లేపింది మా ఊరి మేస్త్రీలు. తొలివాన నీరు వదిలేయాలనీ, వానకు ముందు శ్లాబు ఊడ్చాలనీ నియమం పెట్టి, తరగతులకు వంతులు వేశారు టీచరు. పెద్దపిల్లలు సాయంత్రం పోతూ పోతూ సీసాల్లో నీళ్లు పట్టుకుపోతుంటే హెడ్మాస్టారు అభ్యంతరపెట్టారు. ఆవిడ ఒప్పుకోలేదు. వీళ్ల పళ్లు ఎటూ తెల్లబడవు, ఇంట్లో చిన్నవాళ్లకి ఇంకా రావలసి ఉన్నాయి, ఈ నీళ్లు అసలు వాళ్లకే అన్నారు. ఎండాకాలం చివర్లో తొట్టి అడుగంటేది, మళ్లీ బోరే గతి. ఊళ్లో వంగిన నడుములేవీ దానివల్ల లేచి నిలబడలేదు. ఆవిడ ఎవరితోనూ లేచాయని చెప్పుకోలేదు.

తొట్టి నిండిన ఏడాదే ఆవిడ మార్గరెట్ గారికి ఒక ప్రశ్న రాశారు. మీ ఉత్తరాలన్నిట్లో కూడా అంతా బాగుందనే ఉంటోంది, అది నిజమేనా అని. చాలా రోజులకి జవాబొచ్చింది. పిల్లలు తగ్గిపోయారనీ, తమ బడిని మూసేసే ఆలోచనలో ఉన్నారనీ. బెంచీలు చాలక కింద కూర్చునే మా పిల్లలకు, పిల్లలు లేక బడి మూతపడటమన్నది నమ్మశక్యం కాలేదు. అక్కడి అధికారులకు మా పిల్లలు ఉత్తరాలు రాశారు, ఎవరికి తోచినట్టు వాళ్లు. ఆ బడి నేటికీ నడుస్తోంది. మా ఉత్తరాల మహిమేనని నేను చెప్పలేను. మార్గరెట్ గారు మాత్రం అలాగే అంటారు.

సుగుణ టీచరు గారి నిర్యాణం విద్యాలోకానికి తీరని లోటు అని ముగించడం మర్యాద. ఇటువంటి ముగింపులు నేను చాలా రాశాను, ఎరగని వాళ్లకి కూడా రాశాను. ఆవిడ స్థానంలో సోషల్ చెప్పడానికి మరొకరు ఎప్పుడో వచ్చారు, బాగానే చెబుతున్నారు. నేను రాసింది చదివి కాగితం నా వైపు తిప్పే మనిషి మాత్రం ఇక రారు. ఆ ధీమంతురాలికి, నాకంటే చిన్నదైనా నాకు గురువైన ఆ తల్లికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మార్గరెట్ గారికి కబురు తెలపడానికి కూర్చున్నాను. మరణవార్తకు ఆ వాక్యం పనికిరాదని ఊరందరికీ చెప్పినవాణ్ణి. అయినా చెయ్యి దాని మానాన అది రాసుకుపోయింది: ఇచ్చట మేమందరం క్షేమం. తర్వాత కొట్టేశాను. దాని కింద ఇలా రాశాను: సుగుణ టీచరు గారు పోయారు. మాకు బాగాలేదు.