నాచారం కంపెనీలో మూడు మాటల ఆట

మొన్న బోడుప్పల్‌లో మా అమ్మాయి ఇంట్లో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంటే, పక్కగదిలో తను కంప్యూటర్ ముందు ఆఫీసు వాళ్లతో ఏదో ఆట ఆడుతోంది. మూడు మాటలు చెప్పాలట, అందులో ఒకటి అబద్ధమట, అదేదో మిగతావాళ్లు పట్టుకోవాలట. "మా అమ్మ ఫ్యాక్టరీలో పని చేసేది" అని నా గురించి తను చెప్పిన నిజాన్నే అందరూ అబద్ధమని తేల్చేశారు. నాకు నవ్వొచ్చింది గానీ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆ ఆట నాకు తెలుసు, ఒకప్పుడు దానితోనే నా సంసారం గట్టెక్కింది.

అప్పటికి తెలంగాణ రాలేదు, ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలూ లేవు. నాచారంలో మందుల సీసాలకు మూతలు చేసే కంపెనీలో నేను ప్యాకింగ్ పని చేసేదాన్ని. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, కంపెనీ ఎత్తేస్తారన్న పుకారు లేని గేటు ఆ రోజుల్లో నాచారంలో లేదు. మా దగ్గర ఆ ఏడాది మరీ ఎక్కువైంది. ఎవరో వచ్చి మిషన్లకు టేపు పెట్టి కొలుచుకుపోయారు, అడిగితే రంగులు వేయిస్తామన్నారు. తిన్నది ఒంటబట్టేది కాదు, పడుకుంటే కన్ను మూతపడేది కాదు. మా ఆయన ఆటో నడిపినా పిల్ల చదువు నా జీతం మీదే సాగేది. దానికి తోడు, చర్లపల్లిలో ఒక కంపెనీలో చోటుంది, సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమని మా వదిన కబురు పెట్టింది. పుకారు నమ్మి పోతే ఇన్నేళ్ల సర్వీసు గంగలో కలుస్తుంది, నమ్మక ఆగితే రెండూ పోతాయేమోనని ప్రాణం కొట్టుకునేది.

ఆ శనివారమే హెడ్డాఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి, అందరూ కలిసిమెలిసి ఉండాలంటూ మమ్మల్ని క్యాంటీన్‌లో గుండ్రంగా కూర్చోబెట్టి ఈ ఆట ఆడించింది. వెనక కుర్చీల్లో ఆఫీసర్లు. మాకు అబద్ధాలు రాక కాదు గానీ, రోజూ ఒకే బల్ల మీద డబ్బాలు విప్పి పంచుకుతినేవాళ్లం, ఎవరింట్లో ఏం వండారో కూడా తెలుసు, ఏం చెప్పినా ఇట్టే దొరికిపోయేవాళ్లం. నాకైతే ఆట మీద ధ్యాసే లేదు, ఊరికే చీరకొంగు మెలిపెడుతూ కూర్చున్నాను.

చివరకు లైన్ ఇన్‌చార్జి వంతు వచ్చింది. ఆయన మా ఊరివాడు, నాకు వరసకు అన్న, నన్ను ఆ పనిలో పెట్టించింది ఆయనే. ఆఫీసర్ల గదిలోకి పోయివచ్చేది మాలో ఆయనొక్కడే, కానీ పుకారు గురించి అడిగితే మాత్రం నోరు విప్పేవాడు కాదు. లేచి నిలబడి చేతులు కట్టుకుని, "చాయ్‌ల నేను చక్కెర ఏసుకోను. నాకు ఈత రాదు. దసరాకు మన కంపెనీ ఈడ ఉండదు" అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆయన చక్కెర ఏసుకోడని రోజూ చూసేదే, ఈత సంగతి వాళ్లకెవరికీ తెలియదు కాబట్టి, మూడోదే అబద్ధమని ఒక్క గొంతుతో అరిచారు, అలా అరవడంలోనే వాళ్లకు ఎంతో నిమ్మళమైంది. అన్న కూడా అవునన్నట్టు తల ఊపి కూర్చున్నాడు. నాకు మాత్రం మా ఊరి బావి గుర్తొచ్చింది. మా ఊళ్లో పిల్లల నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి వ్యవసాయ బావిలో ఈత నేర్పింది ఆయనే, మా తమ్ముడికీ ఆయనే నేర్పాడు. ఈత మాట అబద్ధమైతే దసరా మాట నిజం.

నల్లా దగ్గర చేతులు కడుగుతుంటే పక్కకు చేరి అడిగాను. "ఆటల చెప్పింది ఆటనే చెల్లె. నేనేం చెప్పలే" అన్నాడు, నా మొహం చూడకుండా. అంతకు మించి ఒక్క మాటన్నా ఆయన ఉద్యోగం పోతుందని అర్థమైంది. సోమవారం దాకా ఆగకుండా వదినకు సరేనన్నాను. ఉప్పల్ బస్టాపులో తోటివాళ్లను కూడా, అన్న పేరెత్తకుండా, చర్లపల్లి రమ్మని బతిమాలాను. ఇద్దరు వచ్చారు. "కంపెనీ పోయేదుంటే అన్న గట్ల నవ్విస్తడా అక్కా" అంది ఇంకొకామె. దసరాకు ముందే గేటుకు తాళం పడింది. మిషన్లతో పాటు అన్న కూడా ఊరు మారాడు. ఇప్పుడు ఏ పెళ్లిలోనో కలిస్తే ఆ మాట ఆయనా ఎత్తడు, నేనూ ఎత్తను, ఆయనకు చక్కెర లేని చాయ్ మాత్రం అడిగి తెప్పిస్తాను.

అమ్మాయి ఆట ముగించి వచ్చాక, వాళ్లలో నీకు బాగా ఎరుకైనవాళ్లు ఎవరు బిడ్డా అని అడిగాను. ఎవ్వరినీ ఎదురుగా చూడనే లేదంది. మంచివాళ్లే అయి ఉంటారు. కానీ రేపు వాళ్లలో ఒకరు, చెప్పకూడని నిజం ఒకటి నా బిడ్డ చెవిన వేయాలని ఇలాగే ఆటలో పెట్టి చెప్పినా, అందరితో పాటు నవ్వి ఊరుకుంటుందేమోనని ఆ పూటంతా నాకు కుదురు లేదు.