ఎర్ర లైటు వెలిగింది

మా పిన్ని ఓ హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వీధిలో ఎవరైనా విదేశం వెళ్తున్నారని తెలిస్తే చాలు, చెప్పులేసుకుని వాళ్లింటికి పోతుంది. "ఏం పట్టుకెళ్తున్నారమ్మా? ఓసారి వెనక్కి తిప్పండి" అని ప్రతి వస్తువు మీదా ఎన్ని వోల్టులో చదివిస్తుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని జనం నవ్వుతారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకేం తెలుసు?

మా అమ్మకి ఉబ్బసం. మందును ఆవిరిలా పీల్చే చిన్న యంత్రం లేనిదే ఆమెకు పూట గడిచేది కాదు. జీవితంలో ఒక్కసారైనా సముద్రం దాటాలని అక్కచెల్లెళ్లిద్దరూ టూరుకి వెళ్లినప్పుడు ఆ యంత్రాన్ని పిన్నే మోసింది. తీరా అక్కడ గదిలో ప్లగ్గు గోడకి పట్టలేదు. ఆయాసపడుతున్న అక్కని వదిలి, భాష రాని వీధుల్లో పరుగులు పెట్టి అడాప్టర్ కొనుక్కొచ్చింది. ప్లగ్గు దూరింది. యంత్రం మీద ఎర్ర లైటు వెలిగింది. ఇస్త్రీ గదిలో బతికిన మనిషికి ఎర్ర లైటు వెలిగిందంటే పని మొదలైనట్టే.

"ఎలా ఉందక్కా?"

"హాయిగా ఉందే. నువ్వు కాస్త కూర్చో, చెమటలు కారిపోతున్నాయి."

హాయీ లేదు, పాడూ లేదు! అక్కడి వోల్టేజీ మన దాంట్లో సగం. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. దానికి కన్వర్టర్ అని వేరే పెట్టె కావాలి. యంత్రం మూలిగిందే తప్ప మందు సరిగా రాలేదు. ఏళ్ల తరబడి పీల్చిన అమ్మకి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? చెల్లెలు మళ్లీ రోడ్డున పడి పరుగెడుతుందని ఊరుకుంది. సాయంత్రానికి పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది.

అమ్మ ఉబ్బసం నాకూ వచ్చింది. మొన్న ఆఫీసు పనిమీద నేను విదేశం బయల్దేరుతుంటే, పిన్ని ఇటుకరాయంత కన్వర్టర్ తెచ్చి నా పెట్టెలో బట్టల మీద పెట్టింది.

"ఇంత బరువా! నా చీరలెక్కడ పెట్టుకోను పిన్నీ?"

"నెత్తిన పెట్టుకో. ముందు యంత్రం దీనికి పెట్టు. దీనికి అడాప్టర్. ఆ తర్వాతే గోడకి. ఏదీ, చెప్పు?"

చిన్నపిల్లలా అప్పజెప్పాను. అయినా ఆమె కదల్లేదు. మంచం మీద కూర్చుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది.

"నేను ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతాను. హాయిగా ఉందని మాత్రం ఊరికే అనకు. ఊపిరాడకపోతే ఆడట్లేదని అరువు, పక్కవాళ్లని పిలువు. పిన్ని బాధపడుతుందేమో అని చూడకు తల్లీ. మీ అమ్మ అదే చూసింది."

నేను రెండు చీరలు బయటికి తీసేసి పెట్టె మూశాను.